ఎవరి సెట్టు వాళ్లదే

ఇంగ్లీషులో నేను నేర్చుకున్న మొదటి మాట సెట్టు. బడిలో కాదు, షెడ్డులో. అది ఇంగ్లీషు మాటని ఆరో తరగతి దాకా నాకు తెలియనే తెలియదు. మా నాయన పంపుసెట్ల మెకానిక్కు. ఆళ్లగడ్డలో శిల్పులు రాళ్లు చెక్కే రోడ్డు పక్కనే ఆయన షెడ్డు. తెల్లారితే చాలు, ఒకపక్క ఉలి దెబ్బలు, ఇంకోపక్క రైతుల గోల. "సెట్టు కాలిపాయప్పా." "సెట్టు నీళ్లెత్తడంల్యా." "సెట్టు గుంజుకొచ్చినాం, బేగా చూడు." మా ఊళ్లో సెట్టంటే మోటారే. దానికి ఇంకో అర్థం ఉంటుందని ఎవరైనా చెప్తే నవ్వేవాణ్ణి.

తర్వాత్తర్వాత ఆ మాట ఎక్కడ చూసినా కనబడటం మొదలుపెట్టింది. క్రిస్మసుకి అమ్మ కుట్టించేది ఒక సెట్టు బట్టలు. చెల్లెలికి సారె పెట్టింది స్టీలు గిన్నెల సెట్టు. బస్టాండు హోటల్లో సెట్ దోసె. ఇంటి ముందు గచ్చు చేసిన మేస్త్రీ "సెట్టయ్యే దాకా తొక్కితే కాళ్లిరగ్గొడతా" అన్నాడు. సంబంధం కుదిరితే సెట్టయింది, కుదరకపోతే సెట్ కాలేదు. నంద్యాలలో కోచింగు పిల్లలు పరీక్ష రాసొచ్చి, నీది ఏ సెట్టు, నాది బీ సెట్టు అని కొట్టుకుంటారు. ఉద్యోగం వచ్చినవాణ్ణి చూసి వాడికేం, సెట్టయిపోయాడు అంటాం. ఒకసారి తిక్కరేగి పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ తెరిచాను. ఆ ఒక్క మాట కింద పేజీలకు పేజీలు. సూర్యుడు అస్తమించడం కూడా ఆ మాటేనట. ఇంత చిన్న మాటకు ఇంత సంసారమా అని మూసేశాను.

నా బతుకూ ఆ మాటమీదే సాగుతోంది. నేను నంద్యాలలో పళ్ల సెట్లు చేస్తాను. డాక్టర్ని కాను. డాక్టర్లు నోటి కొలతలు పంపిస్తే, వెనక సందులో ఉన్న నా చిన్న ల్యాబులో కూర్చుని పళ్లు తయారుచేసి పంపిస్తాను. నాయన సెట్లు చేసి నన్ను చదివించాడు, నేను సెట్లు చేసి నా పిల్లల్ని చదివిస్తున్నాను అని పెళ్లిళ్లలో జోకు వేస్తుంటాను. అందరూ నవ్వుతారు. ఈ మధ్య ఆ జోకు మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇదంతా.

ముందు నాయన షెడ్డు సంగతి చెప్పాలి.

షెడ్డులో వెనక గోడ పొడుగునా పాత మోటార్లు వరసగా ఉంటాయి. బాగుచేయమని తెచ్చి, మళ్లీ రాని వాళ్లవి. బోరు ఎండిపోయి ఒకరు రాలేదు. పొలం అమ్ముకుని ఒకరు రాలేదు. కొందరు అసలు లేరు. ఒక్కో మోటారు మీదా తెల్ల రంగుతో ఊరి పేరు, మనిషి పేరులో మొదటి అక్షరం రాసి ఉంటాయి. నాయనే రాస్తాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. బాగైన మోటారును ట్రాక్టరు ఎక్కించే ముందు రైతును పిలిచి, "ఇది నీదేనా, అచ్చరాలు చూసుకోప్పా" అంటాడు. "నాది నాకు తెలీదా" అని వాళ్లు నవ్వుతారు. చూసుకునేదాకా ఆయన మోటారు కదలనివ్వడు.

ఇంటర్ సెలవుల్లో నేను షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఒక వేసవిలో ఒక రైతు మోటారుకు బేరింగు పోయింది. ఊళ్లో దొరకలేదు, నంద్యాల నుంచి తేవాలి. అవతల పంట ఎండుతోంది, ఆ మనిషి షెడ్డు ముందు నిలబడి చిందులు తొక్కుతున్నాడు. నాయన చర్చి పనిమీద పోయి ఉన్నాడు. నేను వెనక గోడ దగ్గరికి పోయి, ఏళ్ల తరబడి పడున్న ఒక మోటారు విప్పి, దాని బేరింగు తీసి దీనికి బిగించేశాను. అరగంటలో పని అయింది. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

మోటారు ట్రాక్టరు ఎక్కాక నాయన వచ్చాడు. బేరింగు యాడిది అని అడిగాడు. చెప్పాను. వెంటనే మోటారును కిందికి దించమన్నాడు. రైతు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "వాడు పదేండ్ల నుంచీ రాలేదు కదప్పా, ఇంగేం వస్తాడు!" అన్నాడు. నాయన బేరింగు ఊడదీసి, పాత మోటారులో పెట్టి, బోల్టులు బిగిస్తూ, "ఎవురి సెట్టు వాళ్లదే. వాడు సచ్చినా వానిదే" అన్నాడు. ఆ పూటే నన్ను నంద్యాల బస్సెక్కించి కొత్త బేరింగు తెప్పించాడు. ఆ రైతు మళ్లీ మా షెడ్డు గడప తొక్కలేదు. నాయన దానికి బాధపడినట్టు కూడా కనబడలేదు.

నా ల్యాబులోనూ అలాంటి అలమర ఒకటుంది. మనుషులు కొలతలిచ్చి, ఆత్రంగా నాలుగుసార్లు తిరిగి, తీరా సెట్టు తయారయ్యాక రారు. క్లినిక్కులో చోటు లేదని డాక్టర్లు వాటిని నా మొహాన కొడతారు. చిన్న డబ్బాలు, పైన ఊరి పేరు రాసిన చీటీలు. నాయనను చూసి నేర్చుకున్నదే కదా, ఒక్కటీ పారేయలేదు. నాయన నంద్యాల వచ్చినప్పుడు ఆ అలమర చూసి, "ఇది మంచి పని" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. అందులో అదొకటి.

రెండేళ్ల కిందట నాయన పళ్లన్నీ పోయాయి. షుగరు. చిగుళ్లు వదులై ఒక్కొక్కటే ఊగిపోతుంటే, నాకు పని పంపించే డాక్టరే అన్నీ తీసేశాడు. "మూడు నెలలు చిగుళ్లు మానాలి, తర్వాత తీసుకురా, కొలత నేనే తీస్తా" అన్నాడు. "మీకెందుకు సార్ శ్రమ, మా నాయనే కదా, నేను చూసుకుంటా" అన్నాను. పొగరు, ఇంకేం కాదు.

మూడు నెలలు ఆరయ్యాయి. ఆరు పదయ్యాయి. అమ్మ పోయాక నాయన ఆళ్లగడ్డలోనే, షెడ్డు వెనక ఇంట్లో చెల్లెలి కుటుంబంతో ఉంటున్నాడు. జొన్నరొట్టె ముక్కలు చేసి పప్పులో నానబెట్టుకుని మింగేవాడట. సంగటికి పళ్లతో పని లేదని నవ్వేవాడట. వారానికోసారి ఫోన్ చేసేవాడు.

"ఏందప్పా, నా సెట్టు యాడికొచ్చె?"

"అయితాండాది నాయనా."

"కానీ కానీ. నీకు పనుంటాదిలే."

ఎక్కడ అవుతోంది, నా పిండాకూడు! నేనింకా కొలతే తీసుకోలేదు. డాక్టర్లు అరుస్తారు, వాళ్ల పని ముందు. నాయన అరవడు, ఆయన పని రేపు. ఇంత సిగ్గుమాలిన లెక్క నాది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ పనికిరానిది చెట్టు కాదు, నేను.

నాయనకు బువ్వ కన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. మా చర్చిలో ఆయన బైబిలు వాక్యం చదివే మనిషి. పెద్ద చదువు లేదు, అయినా ఆ గొంతు వింటే ఎవరూ కదిలేవారు కాదు. ఒక్కో అక్షరం మోటారు మీద రంగుతో రాసినట్టు పలికేవాడు. పళ్లు పోయాక గాలి తప్ప మాట రావడం లేదని, ఆదివారాలు వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాడు. పాస్టరు గారు రెండుసార్లు పిలిస్తే, "నా సెట్టు రానీండయ్యా, సదువుతా" అన్నాడట. ఆ మాట చెల్లెలు చెప్పింది. విన్నాను. విని ఊరుకున్నాను.

నిరుడు శుభ శుక్రవారానికి వాక్యం మీరే చదవాలి అని పాస్టరు గారు పట్టుబట్టారు. నాయన ఫోన్ చేశాడు. ఈసారి సెట్టు యాడికొచ్చె అనలేదు. "శుక్రవారానికి నాకు కావాలప్పా" అన్నాడు. జన్మలో ఆయన నన్ను నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు.

ఆ శుక్రవారానికి ముందొచ్చే మట్టల ఆదివారం సాయంత్రం పోయి చిగుళ్ల కొలత తీసుకున్నాను. సరైన సెట్టు కావాలంటే అది మొదటి మెట్టు మాత్రమే. తర్వాత మైనం దిమ్మెలు నోట్లో పెట్టి, పైదవడ కిందదవడ ఎక్కడ కలుస్తాయో, ఎంత ఎత్తులో కలుస్తాయో చూసుకోవాలి. ఆ తర్వాత మైనంలో పళ్లు పేర్చి, మళ్లీ నోట్లో పెట్టి, మాట్లాడించి, కొరికించి చూడాలి. అన్నీ కుదిరాకే మైనం తీసేసి గట్టి పదార్థం పోసేది. నాలుగు రోజుల్లో చేయలేనా అంటే, చేయగలను. రెండుసార్లు ఆళ్లగడ్డకు పోయి రావాలి, అంతే. గంట బస్సు. నాకు ఆ వారం చేతినిండా పని ఉంది. అంతకన్నా పెద్ద కారణం ఉంటే ఇక్కడ రాసేవాణ్ణి. లేదు.

మంగళవారం అలమర తెరిచాను. పాణ్యం అని చీటీ ఉన్న డబ్బా తీశాను. ఏడాది దాటింది, ఎవరూ రాలేదు. దవడ వెడల్పు నాయనదానికి దగ్గరగా ఉంది. లోపలి భాగం అరగదీసి, నాయన చిగుళ్ల అచ్చు మీద కొత్త పూత పోస్తే పట్టు దొరుకుతుంది. చేతులు వాటంతటవే పనిచేశాయి. పళ్లు ఎవరివో అన్న సంగతి తలలోకి రాలేదని చెప్పను. వచ్చింది. ఆయప్ప పోయుంటాడులే అనుకున్నాను. ట్రాక్టరు పక్కన చిందులేసిన రైతు మాటే నా నోట.

గురువారం సాయంత్రం తీసుకుపోయి ఇచ్చాను. నాయన చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, అద్దం ముందు నిలబడి పెట్టుకున్నాడు. బుగ్గలు లేచాయి. పదేళ్లు తగ్గినట్టున్నాడు. చెల్లెల్ని పిలిచాడు, పక్క పనిశాలలో రాయి చెక్కుతున్న శిల్పిని పిలిచాడు. "సూడప్పా, మావాడు నా నోరు కొలిసి చేసినాడు. నీ రాయి కన్నా నున్నగుండాది" అని పళ్లన్నీ చూపించాడు. ఆ శిల్పి ఉలి కింద పెట్టి వచ్చి, ఈ పక్క నుంచీ ఆ పక్క నుంచీ చూసి, "పనిమంతుడు" అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నవ్వాను.

ఎడమవైపు వెనక పళ్లు ముందుగా తగులుతున్నాయి. అది నాకు కనబడింది. వేరే నోటి ఎత్తుకు పేర్చిన పళ్లు, ఎలా కుదురుతాయి? కొంచెం అరగదీసి, "నాలుగు దినాలు అలవాటు కావాల నాయనా" అన్నాను.

"కానీలే. కొత్త సెట్టు అంతే కదా, మొదట కొంచెం బిగుసుంటాది" అన్నాడు.

శుభ శుక్రవారం మధ్యాహ్నం చర్చి నిండా జనం, తెల్లబట్టలు, చెమట. నాయన ఇస్త్రీ పంచె కట్టుకుని లేచి పోయి నిలబడ్డాడు. చదవడం మొదలుపెట్టగానే టక్కుమంది. పళ్లు పళ్లకు కొట్టుకున్న చప్పుడు. ప్రతి రెండు మాటలకూ ఒక టక్కు. ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. నాయన ఆగాడు. ఎడమ చెయ్యి దవడకు ఆనించి పట్టుకున్నాడు. అలా పట్టుకునే, నిదానంగా, ఒక్కో మాటా ఏరుకుంటూ, మొత్తం చదివాడు. కూర్చునేటప్పుడు చేతిరుమాలు నోటికి అద్దుకున్నాడు. నేను రెండు వరసల వెనకే ఉన్నాను. రుమాలు మీద ఎర్రగా మరక కనబడింది.

బయటికొచ్చాక జనం చుట్టూ చేరారు. "సెట్టు కొంచెం అదురుతాంది అప్పా" అన్నాడొకాయన. నాయన వెంటనే, "సెట్టు బంగారట్లుండాది. నా నోరే పాతబడింది. మోటరు మంచిదే, బోరే వంకర" అన్నాడు. అందరూ నవ్వారు. పాస్టరు గారు నా భుజం తట్టి, తండ్రి నోటికి మాట ఇచ్చిన కొడుకువి అన్నారు. ఛీ, ఆ మాట విని తలొంచుకుని దండం పెట్టాను నేను! వినయం అనుకున్నారు.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా బాగుండాది అనేవాడు. పోయినప్పుడల్లా నోట్లో సెట్టుతోనే ఎదురొచ్చేవాడు. ఒకసారి వేయించిన శనగలు తీసుకుపోయాను. పళ్లున్న రోజుల్లో ఆయన జేబులో ఎప్పుడూ శనగలుండేవి. "తర్వాత తింటాలే" అని జేబులో వేసుకున్నాడు. ఆ పూట చెల్లెలు నన్ను నీళ్ల తొట్టి దగ్గరికి పిలిచింది.

"అన్నా, నువ్వొచ్చేటప్పుడే పెట్టుకుంటాడు. బస్సు దిగినానని నువ్వు ఫోన్ చేస్తే డబ్బా తీస్తాడు. నువ్వు పోతానే తీసేస్తాడు. లోపల పుండయింది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తాండాడు."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే నా చేతులు నరుకుతాడంట. నీ పని తప్పని నువ్వు బాధపడతావంట."

"షెడ్డులో ఆకురాయి ఉంది కదా, ఆయన మెకానిక్కే కదా, తగిలేచోట అరగదీసుకోవచ్చు కదా" అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు.

"నేనూ అదే అంటి. చేసినోడు ఉండంగా ఇంకోడు పని మీద చెయ్యి పెట్టగూడదు అన్న్యాడు."

ఆ రోజే చెప్పుండాలి. చెప్పలేదు. వచ్చే వారం మళ్లీ కొలత తీసుకుందాం, కొంచెం సరిచేద్దాం అని ఏదో గొణిగి బస్సెక్కాను.

ఆ వచ్చే వారంలోనే పాణ్యం నుంచి మనిషి వచ్చాడు. నడివయసు రైతు, చేతిలో పాత చీటీ. వాళ్ల నాయన కొలతలిచ్చిన నెలలోనే గడపకు తట్టుకుని పడి తుంటి విరిగిందట. ఏడాదిన్నరగా మంచంలో. ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంటున్నాడు. లేచి కూర్చోగానే అడిగింది పళ్లే. "క్లినిక్కులో అడిగితే నీ కాడ ఉంటాదన్న్యారు. మా నాయన సెట్టు ఇయ్యప్పా" అన్నాడు.

అతనింకా ఏమీ అనకముందే, "నేనేం పారెయ్యలే" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడంటే ఇదే. అతను నావంక వింతగా చూశాడు. "ఏడాది దాటింది కదా, కొంచెం సరిచేయాల. వారం ఆగి రా" అన్నాను.

"మంచిదప్పా. ఇన్ని దినాలు దాచిపెట్టినావు, అదే శానా" అని దండం పెట్టి పోయాడు.

ఆ దండం నన్ను కూర్చోనివ్వలేదు. ఆ పెద్దాయన సెట్టు మా నాయన నోట్లో పుండు చేస్తోంది. మా నాయన పుండు పెట్టుకుని నా పేరు కాపాడుతున్నాడు. నేను ల్యాబులో కూర్చుని ఇద్దరికీ అబద్ధాలు చెబుతున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అనేది. ఇక్కడ కాలు కడుక్కోవడానికి కూడా నాకు ధైర్యం లేదు. షట్టరు దించేసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. బస్సు దిగాక ఈసారి ఫోన్ చేయలేదు.

నాయన షెడ్డులో స్టూలు మీద కూర్చుని తీగ చుడుతున్నాడు. నోట్లో పళ్లు లేవు. నన్ను చూసి గతుక్కుమని, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఉండు, కడిగి పెట్టినా, తెచ్చుకుంటా" అని లేవబోయాడు.

"వద్దు నాయనా. అది నీది కాదు."

ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. అలమర, పాణ్యం చీటీ, పూత, మొత్తం చెప్పాను. వెనక గోడ వైపు చూడకుండా చెప్పడానికి ప్రయత్నించాను గానీ, ఆ షెడ్డులో ఎటు చూసినా మోటార్లే. ఆయన తీగ చుట్టడం ఆపలేదు. తీగ చుట్ట పూర్తయ్యాక దాన్ని బల్లమీద పెట్టాడు.

"ఆయప్ప సచ్చిపాయినాడా?"

"లేదు. బతికే ఉండాడు. సెట్టు కావాలని మనిషిని పంపిచ్చినాడు."

"సచ్చిపాయినా ఆయప్పదే."

నేను తిట్టు కోసం ఎదురుచూశాను. కొడితే బాగుండు అనుకున్నాను. యాభై దగ్గరపడ్డ మనిషిని, ఆయన చేతిలో దెబ్బ తింటే సరిపోతుందని నిలబడ్డాను. ఆయన లోపలికి పోయి డబ్బా తెచ్చాడు. సెట్టును మళ్లీ ఒకసారి కడిగాడు, తుడిచాడు.

"ఇన్ని నెల్లు మంది సొమ్ము నోట్లో పెట్టుకుని తిరిగినా. దాంతోనే వాక్యం సదివినా" అన్నాడు. నాతో కాదు, డబ్బాతో అన్నట్టు. తర్వాత చొక్కా మార్చుకుని వచ్చి, "పా, పాణ్యం పోదాం" అన్నాడు.

నంద్యాలలో బస్సు మారాం. దారి పొడుగునా నాయన డబ్బా చేతిరుమాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీ పక్క సీటు నాకిచ్చి తను ఇవతల కూర్చున్నాడు, చిన్నప్పుడు కూర్చున్నట్టే.

ఆ పెద్దాయన వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాలుగు తరాలుగా సేద్యం చేసిన ఇల్లు, గోడకు కాడెద్దుల ఫోటో. కొడుకు కుర్చీలు వేశాడు. నాయన కూర్చోలేదు. డబ్బా తెరిచి మంచం మీద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"అన్నా, ఇది నీ సెట్టు. నేను వాడుకున్న్యా. నాది అనుకున్న్యా. ఇప్పుడు లోపల మార్చినారు, నీకు ఇంగ పనికి రాదు. తప్పయిపాయ."

నేను చేశానని చెప్పలేదు. మావాడు అన్న మాటే తేలేదు. నేనే ముందుకొచ్చి, "చేసింది నేను, ఆయనకు తెలియదు" అన్నాను. కొడుకు నావైపు తిరిగాడు. "సరిచేయాల, వారం ఆగమంటివి కదప్పా" అన్నాడు. అంతే. తిట్టుంటే నాకు తేలిగ్గా ఉండేది.

పెద్దాయన సెట్టు చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత నాయన నోటివైపు చూశాడు. "నువ్వూ బోసోనివేనా?" అని నవ్వాడు. "యట్లుండె? నమలనిచ్చెనా?"

"లేదన్నా. శానా సతాయించె."

"మరి నాది నీ మాట యాడింటాది?" అన్నాడు ఆయన. ఇద్దరు ముసలివాళ్లూ చిగుళ్లు కనబడేలా నవ్వుకున్నారు. నేనూ ఆ కొడుకూ నవ్వలేదు.

మజ్జిగ తాగాక నాయన నావైపు చూడకుండానే, "కొలత సామాన్లు తెచ్చినావా?" అన్నాడు. తెచ్చాను. నాయన కోసం తెచ్చినవి. "ఆయప్పది ముందు. అన్ని మెట్లూ చెయ్. నాది ఆయప్పది అయినంక" అన్నాడు.

డాక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పుకుని, తిట్లు తిని, ఆ మంచం పక్కనే మోకాళ్ల మీద కూర్చుని కొలత తీసుకున్నాను. మైనం దిమ్మెలకు ఒకసారి, పేర్చిన పళ్లకు ఒకసారి మళ్లీ పాణ్యం పోయాను. ఆఖరిసారి పెద్దాయన నోట్లో పెట్టి ఏదైనా మాట్లాడండి అంటే, కొడుకును పిలిచి ఎద్దులకు మేత వేసినారా అని అడిగాడు. మాట స్పష్టంగా వచ్చింది. కొడుకు మొహం మాత్రం నాకు విచ్చుకోలేదు. అది న్యాయమే.

ఆ నెల రోజులూ నాయన నాకు ఫోన్ చేయలేదు. నేను చేస్తే బాగున్నానన్నాడు. పుండు మానిందని చెల్లెలు చెప్పింది. నా సెట్టు యాడికొచ్చె అన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి మళ్లీ రాలేదు. ఏడాదిపాటు విసుక్కుంటూ విన్న ఆ మాట కోసం ఫోన్ చెవికి పెట్టుకుని చూసేవాణ్ణి.

ఆయన సెట్టుకు మూడుసార్లు ఆళ్లగడ్డ పోయాను. దవడ ఎత్తు రెండుసార్లు చూశాను. మైనంలో పళ్లు పెట్టి అధ్యాయం మొత్తం చదివించాను. ఎక్కడా టక్కుమనలేదు. లోపలి వైపు, అంగిలి తగిలేచోట, ఆయన పేరులో మొదటి అక్షరం సన్నటి కాగితం మీద రాసి, పైన పారదర్శకంగా పూత పోశాను. ఇరవై ఏళ్ల పనిలో ఇంత శ్రద్ధ ఏ సెట్టుకూ పెట్టలేదు. అది మెప్పు కోసం రాయడం లేదు. ఏడాదిన్నర కిందటే పెట్టాల్సిన శ్రద్ధ అది.

మొన్న ఆదివారం చర్చికి ముందే తీసుకుపోయాను. నాయన ఇస్త్రీ పంచెలో షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. డబ్బా మూత తీసి చేతిలో పెట్టాను. ఆయన చూశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ట్రాక్టరు ఎక్కించే ముందు రైతును అడిగే గొంతుతోనే, ఈసారి నన్ను అడిగాడు.

"ఇది నాదేనా అప్పా?"

"నీదే నాయనా" అన్నాను.

ఆయన వెంటనే పెట్టుకోలేదు. ఎండకు పట్టి, తిప్పి, లోపలున్న అక్షరం చూసుకున్నాడు.